సాయంత్రం ముంత

కిందటి వారం సరస్వతిని మట్టెవాడ సందులో, ఒక కాలు గడప లోపలా ఒక కాలు బయటా ఉండగా నిలబెట్టి వచ్చాం. వారం పాటు అలా నిలబడడం ఎవరికైనా కష్టమే. పైగా ఆమెకు అప్పటికే కోపం వచ్చి ఉంది. ఇక లోపలికి పంపిద్దాం.

ఇప్పుడే వచ్చి కూర్చున్న వాళ్ల కోసం నాలుగు మాటలు. సరస్వతి తొర్రూరు పిల్ల. బెంగుళూరు దాకా వెళ్లి మనసు జబ్బుల చదువు చదివి, వరంగల్‌లో ఒక దవాఖానాలో ఉద్యోగానికి చేరింది. మందు రాయదు, సూది వేయదు. కూర్చోబెట్టి మాట్లాడిస్తుంది. అందుకే ఆమెను ఏమని పిలవాలో అక్కడ ఎవరికీ తెలియదు. వచ్చేవాళ్లు డాక్టరమ్మా అంటారు, డాక్టర్లేమో అమ్మాయ్ అంటారు. మెట్ల కింద కిటికీ లేని గది ఒకటి చూపించి, ఇక నీ చదువు నీ ఇష్టం అన్నారు.

ఆ గదికి సాంబమూర్తి తన తల్లి లచ్చవ్వను తీసుకొచ్చాడు. అతను పవర్‌లూం మీద పనిచేస్తాడు. తండ్రి కైలాసం బతికున్నన్నాళ్లూ ఇంట్లోనే గుంట మగ్గం మీద తువ్వాళ్లూ దుప్పట్లూ నేసేవాడు. లచ్చవ్వ పక్కనే కూర్చుని రాట్నం తిప్పుతూ బోలు వెదురు పుల్లల మీద నూలును కండెలుగా చుట్టి అందించేది. రెండేళ్ల కింద కైలాసం పోయాడు. ఆ తరువాత ఆమె తిండి తగ్గించింది, పొద్దు గూకితే ఏడవడం మొదలుపెట్టింది, రాత్రిళ్లు నిద్ర మానేసింది. చౌరస్తాలో పేరున్న డాక్టర్ రాజేశ్వర్ రావు నిద్రగోలీలు రాశాడు. గోలీలు మొదలైనాక ఏడుపు పోయి ఇంకేదో వచ్చింది. రాత్రి లేచి గోడలు తడుముతుంది, లేని మనుషులతో కొట్లాడుతుంది, పక్క తడుపుతుంది. ముసలితనంలో మెదడు ఎండిపోయిందని, హైదరాబాదు పిచ్చాసుపత్రిలో వేయమని డాక్టర్ తేల్చేశాడు. సోమవారం పొద్దున బండికి ప్రయాణం. పోయేముందు ఎందుకైనా మంచిదని సాంబమూర్తి ఇక్కడ కూడా ఒకసారి చూపిద్దామనుకున్నాడు.

ఆ రోజు రద్దీ ఎక్కువై లచ్చవ్వను మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టాల్సి వచ్చింది. అదే మంచిదైంది. పొద్దున తల నిలపలేక, అడిగినదానికి నోరు తెరిచి చూసిన మనిషి, భోజనాల వేళ దాటేసరికి కళ్లు నులుముకుని, "గీ అర్రకు కిటికి లేదేంది బిడ్డా? నీకు ఊపిరెట్ల ఆడుతాంది?" అని అడిగింది. ఎండిపోయిన మెదడు మధ్యాహ్నానికి చిగురుస్తుందా? సరస్వతికి అనుమానం వచ్చింది. సాయంత్రాలు ఆ ఇంట్లో ఏం జరుగుతుందో చూడాలని శనివారం పొద్దుగూకే వేళకు చెప్పకుండా వెళ్లింది. గడప దాటబోతూ చూసిందేమిటంటే, కోడలు అనసూర్య చెంబు అడుగుతో తెల్లటి గోలీలు నూరి, ఆ పొడిని కల్లు ముంతలో పోస్తోంది.

"ఏం చేస్తున్నవ్ వదినా?"

అనసూర్య ఉలిక్కిపడలేదు. దాచలేదు కూడా. పొడిని వేలితో కలిపి, ఆ వేలు కొంగుకు తుడుచుకుంది.

"గోలీలు కలుపుతాన డాక్టరమ్మా. రాజేశ్వర్ రావు సార్ ఇచ్చినయే. ఎందుకట్ల సూస్తాండ్రు?"

"కల్లులోనా?"

"ఇంక దేంట్ల కలుపుత? చాయ్‌ల కలిపితె మూతి తిప్పుకుంటది. చేతికిస్తె నోట్లె ఏసుకున్నట్టు చేస్తది గని మింగది. ఏడ ఉమ్మేస్తదో కూడ కనవడది. కల్లుల కలిపితె మాట్లాడకుంట తాగుతది. జర్ర సేపు మేం గూడ కన్ను మూస్తం."

సరస్వతికి అరికాలి మంట నెత్తికెక్కింది. గడప దాటి వచ్చి ముంతను అందుకుంది. అనసూర్య వదల్లేదు. ఇద్దరాడవాళ్లు ఒక మట్టి ముంతను చెరో పక్క పట్టుకుని నిలబడ్డారు. మూలన మంచం మీద లచ్చవ్వ గోడకు ఆనుకుని కూర్చుని, తనకు సంబంధం లేని తగాదా చూసినట్టు ఇద్దరినీ చూస్తోంది. ఆ మంచం ఉన్నచోటే ఒకప్పుడు మగ్గం గుంట ఉండేది. దాన్ని మట్టితో పూడ్చి పైన సిమెంటు చేయించారు.

"ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో తెలుసా? ప్రాణం మీదికొస్తుంది. రోజూ ఇలాగేనా?"

"రోజూ గిట్లనే." అనసూర్య గొంతు పెరిగింది. "మొదాలు ఒక్కటేసిన. ఒక్కటికి పండకపాయె, రొండేసిన. రొండింటికి లేసి తిరుగుడు వెట్టింది, ఇంకొకటేసిన. ఏం జెయ్యమంటరు? తెల్లారి లేసి పక్కబట్టలు నేనే పిండాలె. పగలంత పవర్‌లూం షెడ్డుకు పోయి కండెలు సుట్టాలె. మీరొచ్చి గడప కాడ నిలవడి ప్రాణం మీదికొస్తదంటరు. ఒక్క రాత్రి, ఒక్కటంటె ఒక్క రాత్రి ఈడ పండి సూడుండ్రి మీకే తెలుస్తది."

నిజం చెప్పాలంటే, ఆ ఇంట్లో రెండేళ్లుగా నిద్రలేనిది లచ్చవ్వ ఒక్కతికే కాదు. కానీ కోపంగా ఉన్న మనిషికి ఎదుటివాళ్ల కళ్ల కింద నలుపు కనపడదు. సరస్వతికీ కనపడలేదు.

అప్పుడే సాంబమూర్తి వచ్చాడు. షెడ్డులో రోజంతా మరల మోత మధ్య ఉంటాడు కాబట్టి ఇంట్లోనూ గట్టిగానే మాట్లాడతాడు.

"అమ్మ ముంత గుంజుకుంటాండ్రేంది మేడం? గది నేను తెచ్చిన కల్లు. బాపు ఉన్నప్పుడు మగ్గం దిగినంక ఇద్దరు సగం సగం తాగేటోళ్లు. బాపు పోయినంక నేను తెస్తాన. కొడుకై ఉండి అమ్మకు మాపటిపూట గింత కల్లు తేకపోతె సందుల తలెత్తుకొని తిరుగుతనా?"

"కల్లు తెచ్చినందుకు కాదన్నా. అందులో నిద్రగోలీలు వేస్తున్నందుకు. మత్తు మీద మత్తు. మీ అమ్మకు రాత్రి వచ్చేది పిచ్చి కాదు, ఈ ముంత."

సాంబమూర్తి భార్య వైపు చూశాడు, ముంత వైపు చూశాడు. "గోలీలేస్తాందని నాకెరుకే. కల్లు మంచిదే గదా, సలువ చేస్తది. గోలి గూడ డాక్టరిచ్చిందే. రెండు మంచియే గదా మేడం. ఇసమైతె పెట్టలే గదా."

అతని గొంతులో మోసం లేదు. అదే సరస్వతిని మరింత మండించింది. తిట్టడానికి దుర్మార్గుడు దొరికితే ఎంత సుఖం! ఇక్కడ తల్లికి కల్లు తెచ్చే కొడుకు, అత్త పక్క ఉతికే కోడలు. రెండు మంచి పనులు కలిసి ఒక మనిషిని పిచ్చిదాన్ని చేశాయి. మరి తప్పెవరిది? తప్పు చేసినవాడు చౌరస్తాలో ఫ్యాను కింద కూర్చున్నాడు.

"నడువ్ అన్నా. ఇప్పుడే పోదాం."

"ఏడికి?"

"మీ డాక్టర్ సార్ దగ్గరికి."

ముంతను మాత్రం ఆమె వదల్లేదు. నిండు కల్లు ముంత రెండు చేతులా పట్టుకుని, తొణకకుండా చిన్నగా అడుగులు వేస్తూ మట్టెవాడ సందంతా నడిచింది. దుకాణాల ముందు కూర్చున్నవాళ్లు లేచి మరీ చూశారు. దవాఖాన మేడం కల్లు పట్టుకొని పోతాందిరో అని ఎవరో అన్నారు, ఎవరో నవ్వారు. వెనకాల సాంబమూర్తి తలవంచుకుని నడిచాడు. మామూలుగా అయితే సరస్వతి సిగ్గుతో చచ్చిపోయేది. ఆ సాయంత్రం ఆమెకు సిగ్గుపడే తీరిక లేదు.

రాజేశ్వర్ రావు గారి వంటి పెద్దమనుషులు మనకు తెలియనివాళ్లు కారు. చేతివాసి మంచిదని పేరు. రోగి నోరు తెరవకముందే చీటీ రాయడం మొదలుపెడతారు. రోగి చెప్పేది పూర్తయ్యేసరికి చీటీ పూర్తవుతుంది, చాలాసార్లు ముందే పూర్తవుతుంది. ఆ వేగాన్నే జనం తెలివి అనుకుంటారు, ఆయన కూడా అలాగే అనుకుంటారు.

సరస్వతి ముంతను ఆయన బల్ల మీద, స్టెతస్కోపు పక్కన పెట్టింది.

"ఏందమ్మా ఇది! దవాఖానలకు కల్లు తెస్తరా?"

"లచ్చవ్వ రాత్రి వేసుకునే మందు సార్. మీరు రాసిన గోలీలు ఇందులోనే ఉన్నాయి."

డాక్టర్ ముంతలోకి తొంగి చూశాడు. ఆయనకు ఒక్క నిమిషంలో అంతా అర్థమైంది. మొహంలో రంగు మారడం సరస్వతి చూసింది. కానీ ఆయన ఆమె వైపు తిరగలేదు, సాంబమూర్తి వైపు తిరిగాడు.

"ఏరా, బుద్ధుందా? గోలీలు కల్లుల కలిపి పోస్తవా? తల్లిని సంపుదామనుకున్నవా?"

సాంబమూర్తి చేతులు కట్టుకున్నాడు. దారిలో అతన్ని తిట్టుకుంటూ వచ్చిన సరస్వతి, అతని పక్కన నిలబడింది.

"ఆయన్ను అనకండి సార్. సాయంత్రం ఏం తాగుతుందని మీరెప్పుడైనా అడిగారా?"

"ముసలామె. ఆడమనిషి. కల్లు తాగుతదని నేననుకుంటనా?"

"మట్టెవాడలో ఇన్నేళ్లుగా నాడి చూస్తున్నారు. ఏ ఇంట్లో పెద్దవాళ్లు పొద్దుగూకితే ముంత పట్టరో చెప్పండి. వాళ్లకది చెప్పాల్సిన సంగతని తెలియదు. అన్నం తింటున్నామని మీకు చెబుతారా? అలాగే ఇదీ. అడగాల్సింది మీరు."

"నువ్వు డాక్టరువా?"

ఎదురుచూసిన ప్రశ్నే. దవాఖానాలో రోజుకు పదిమంది అడుగుతారు.

"కాదు."

"మరి నాకు వైద్యం చెప్పొస్తున్నవా? నేను పరీక్ష చేసిన. ఇయ్యాల ఏ వారమంటె చెప్పలే. దేశాన్ని ఎవరేలుతున్నరంటె చెప్పలే. కొడుకు పేరడిగితె మొగని పేరు చెప్పింది. డెబ్బై ఏళ్లకు మెదడు ఎండుతది. నీ పుస్తకాలల్ల రాసిలేదా?"

"రాసి ఉంది సార్. అందరికీ ఎండుతుందని మాత్రం లేదు. మీరు ఎన్నిగంటలకు అడిగారు? పొద్దున్నే. రాత్రి మత్తు అప్పటికి సగం కూడా దిగదు. ఆ స్థితిలో నన్నడిగినా ఏ వారమో చెప్పలేను, మిమ్మల్నడిగినా చెప్పలేరు. మధ్యాహ్నం ఒకసారి అడగాల్సింది. నా గదికి కిటికీ లేదని నాకు చెప్పింది ఆమె. రెండేళ్లుగా దవాఖానాలో ఎవరికీ కనపడని సంగతి అది."

బయట బెంచీ మీద కూర్చున్న రోగులు మెడలు చాపి వింటున్నారు. కాంపౌండరు తలుపు వేయబోయి, తానూ వినాలనిపించి, వేయకుండా ఆగిపోయాడు.

డాక్టర్ గొంతు తగ్గించాడు. "సూడు బిడ్డా, నువ్వు చిన్నదానివి. ముసలోళ్లు గిట్లనే ఉంటరమ్మా. ఏడుస్తరు, అలుగుతరు, నిద్రపోరు. దానికి మందేముంటది?"

నిజానికి ఆయన ఆ మాట ఓదార్పుగానే అన్నాడు. ఆ ఓదార్పే ఆమె ఓర్పును తెంచేసింది.

"ముప్పై ఏళ్ల మనిషి వచ్చి, మా ఆయన పోయాడు, అన్నం దిగడం లేదు, పొద్దుగూకితే ఏడుపొస్తుంది అంటే మీరేం చేస్తారు సార్? కుర్చీ చూపిస్తారు. ఏమైందమ్మా అంటారు. లచ్చవ్వ అదే మాట అంటే వయసు అన్నారు. నలభై ఏళ్లు ఒక మనిషి పక్కన కూర్చుని కండెలు అందించింది. ఆయన పోయాడు, మగ్గం పోయింది, ఆయన కూర్చున్న గుంట కూడా పూడ్చేశారు. ఆమె ఏడవకపోతే కదా మనం భయపడాలి! వయసు మీదపడితే దుఃఖం ఉండదా? ముసలివాళ్లకు వచ్చేదంతా చాదస్తమేనా? మందు ఎందుకు లేదు సార్? ఉంది. కానీ దానికి ముందు ఆమెను ఒక్క మాట అడగాలి. అడిగే ఓపిక మనకు లేక, ఆమెకు మెదడు లేదని రాసేశాం!"

సాంబమూర్తి ఏడుస్తున్నాడు. షెడ్డులో అరిచి అరిచి బండబారిన గొంతు అతనిది. ఆ ఏడుపు కూడా గట్టిగానే బయటికి వచ్చింది.

డాక్టర్ ముంతను బల్ల అంచుకు జరిపాడు. చెడ్డవాడేం కాదు, కానీ తప్పు ఒప్పుకోవడం అలవాటు లేనివాడు. ఒప్పుకోకుండానే దిద్దుకోవడానికి దారి వెతుక్కున్నాడు.

"ఒక్కసారి ఆపితె ఫిట్స్ వస్తయ్. అది తెలుసా నీకు?"

"తెలుసు. అందుకే మీ దగ్గరికొచ్చాను. తగ్గించుకుంటూ పోవాలి. ఎలా తగ్గించాలో రాయాల్సింది మీరే, నేను కాదు."

ఆయన రాశాడు. గోలీ ఎలా తగ్గించాలో, కల్లు ఎలా తగ్గించాలో, ఏం జరిగితే పరుగెత్తుకు రావాలో విడివిడిగా సాంబమూర్తికి చెప్పాడు. ఈసారి 'ఏరా' అనలేదు. లేస్తున్నప్పుడు మాత్రం సరస్వతిని ఆపాడు.

"దసరా దాక సూద్దాం. అప్పటికి మనిషి కుదురుకోకపోతె హైదరాబాదే. నువ్వే ఎక్కించాలె బండి."

"ఎక్కిస్తాను," అంది సరస్వతి. అది మాట ఇవ్వడమో పందెం కాయడమో ఆమెకే తెలియలేదు.

మొదటి రోజులు మాత్రం ఆ ఇంట్లో నరకమే. లచ్చవ్వ చెమటలు కక్కింది, వణికింది, తిట్టింది. ఒకసారి డాక్టరే స్కూటరు మీద ఇంటికొచ్చి చూసిపోయాడు. సరస్వతి దవాఖానా నుంచి నేరుగా వచ్చి పొద్దుపోయేదాకా ఉండేది. ఆ పూటకు అనసూర్య పడుకునేది. అనసూర్య గురక విన్న మొదటి సాయంత్రం సరస్వతికి తాను గడప దగ్గర అన్న మాటలు గుర్తొచ్చి సిగ్గేసింది. అప్పటి నుంచి వంటింట్లో రెండు గ్లాసుల చాయ్ తాగుతూ ఇద్దరూ స్నేహితులయ్యారు.

తంగేడు పూసే నాటికి లచ్చవ్వ మళ్లీ మనిషైంది. రాత్రి లేవడం మానేసింది. కొడుకును కొడుకు పేరుతోనే పిలిచింది. పప్పులో ఉప్పు తక్కువైందని కోడల్ని కసిరింది. ఆ కసురు విని అనసూర్య వంటింట్లో కూర్చుని కళ్లు తుడుచుకుంది. తరువాత ఒకరోజు లచ్చవ్వ తనంత తానుగా అడిగింది, "నా రాట్నమేది? నా కండెల గంపేది?" అని.

సాంబమూర్తి పరుగున దవాఖానాకు వచ్చి చెప్పాడు. "ఇచ్చెయ్యండి అన్నా! చేతికి పని దొరికితే సగం జబ్బు పోతుంది," అంది సరస్వతి. అటక మీది నుంచి రాట్నం దిగింది, గంప దిగింది. సందులో వాళ్లంతా వచ్చి చూసిపోయారు. డాక్టర్ రాజేశ్వర్ రావు కూడా చౌరస్తాలో పదిమందికి ఆ సంగతి చెప్పాడట, తన వైద్యం గురించి చెప్పుకున్నట్టుగా. చెప్పుకోనివ్వండి.

సద్దుల బతుకమ్మ ముందురోజు మధ్యాహ్నం సరస్వతి మట్టెవాడ వెళ్లింది. అనసూర్య వాకిట్లో గునుగుపూల కట్టలు విప్పి రంగులు అద్దుతోంది. "లోపలున్నది, పోండ్రి. పొద్దటి సంది ఒక్కతీరు తిప్పుతాంది," అని నవ్వింది.

లచ్చవ్వ నేల మీద, మంచం పక్కన కూర్చుని రాట్నం తిప్పుతోంది. తల దువ్వుకుని ఉంది. దారం సన్నగా, ఎక్కడా తెగకుండా కండె మీదికి ఎక్కుతోంది. పక్కన గంప నిండా పాత కండెలు, బోలు వెదురు పుల్లలు. సరస్వతికి గెలిచినట్టు అనిపించింది. ఎవరికైనా అనిపిస్తుంది.

"ఎట్లున్నవ్ అవ్వా?"

"మంచిగున్న బిడ్డా. కూసో."

"నీకొక సంగతి చెప్పాలె అవ్వా. ఇన్నాళ్లు చెప్పలే. రాత్రిపూట నీకట్ల అయింది పిచ్చితోటి కాదు. కల్లుల గోలీలు కలిసినయ్. వాళ్లకు తెలవక కలిపిండ్రు. ఇగ నీకే ఫికర్ లేదు."

రాట్నం ఆగలేదు.

"నాకెరుకే," అంది లచ్చవ్వ.

"ఏది ఎరుక?"

"కల్లుల గోలి కలిపేది. మొదటి దినమే ఎరుకైంది. నలభై ఏండ్లాయె తాగవట్టి, కల్లు రుసి నాకెరుక లేదా? సేదుగ ఉండె. ఎరుకయ్యే తాగిన."

బయట అనసూర్య ఎవరితోనో మాట్లాడుతూ నవ్వుతోంది.

"ఎందుకు తాగినవ్ అవ్వా?"

"కోడలు నిద్రలేక సస్తాండె. నేను పంటె ఆమె పంటది." దారం కొస వేలితో సవరించింది. "మల్ల నాకు గూడ గా నిద్ర మంచిగుండె. ఆయినె కనవడేది. దినాం పొద్దుగాల లేసి, అరె, మల్ల లేస్తినే అనుకునేదాన్ని."

ఆమె ఆ మాటను ఎండ గురించి, వాన గురించి చెప్పినంత మామూలుగా అంది. పుస్తకాల్లో చదివింది, గురువులు చెప్పింది అంతా సరస్వతికి ఇప్పుడు, ఇంత ఆలస్యంగా గుర్తొచ్చింది. దుఃఖంలో మునిగిన మనిషికి ముందు ఒంట్లో సత్తువ వస్తుంది. బతకాలనే ఆశ ఆ తరువాత, చాలా నెమ్మదిగా వస్తుంది. ఆ రెంటికీ మధ్య కాలమే అన్నిటికంటే ప్రమాదం. ఆ కాలంలో ఈ మనిషిని ఒంటరిగా వదిలి, సందంతా పండగ చేసుకుంది. అందరికంటే ముందు సంబరపడింది తానే.

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. చేతికిస్తే నోట్లో వేసుకున్నట్టు చేస్తది గని మింగది. ఎక్కడ ఉమ్మేస్తదో కనవడది. ఆ రోజు ముంత పట్టుకుని గుంజుకుంటూ విన్న మాట. కోపంలో చెవిన వేసుకోలేదు.

"అవ్వా, కల్లుల కలపకముందు నీ చేతికిచ్చిన గోలీలు ఏం చేసినవ్?"

లచ్చవ్వ కళ్లు ఒక్క క్షణం పక్కనున్న గంప మీదికి పోయి వచ్చాయి.

జబ్బు నుంచి లేచిన మనిషి అన్నిటికంటే ముందు అడిగింది ఏమిటి? ఇష్టమైన కూర కాదు, కొత్త చీర కాదు. నా కండెల గంపేది అని. ఇచ్చెయ్యమన్నదెవరు?

సరస్వతి గంపను దగ్గరికి లాక్కుంది. ఒక కండె తీసి బోలు పుల్లను అరచేతిలో బోర్లించి కొట్టింది. తెల్లటి పొడి కాస్త రాలింది. గోలీ లేదు. ఇంకో కండె. ఇంకొకటి. ప్రతి పుల్ల మూతికీ చిన్న దూది ఉండ కుక్కి, మళ్లీ తీసినట్టు పోగులు అంటుకుని ఉన్నాయి. అన్నీ ఖాళీ. చూసిన కండెలు నేల మీద దొర్లిపోయాయి.

రాట్నం ఆగింది.

"అవి అండ్ల లేవు బిడ్డా," అంది లచ్చవ్వ. "నిన్నటిదాక ఉండె."

"ఎక్కడున్నయి అవ్వా? మింగినవా? చెప్పు, నీ కాళ్లు పట్టుకుంట, మింగినవా?" సరస్వతి ఆమె మణికట్టు పట్టుకుని నాడి వెతుకుతూ వాకిలి వైపు తిరిగి అనసూర్యను పిలవబోయింది. లచ్చవ్వ రెండో చేయి వచ్చి ఆమె నోటిని మూసింది. ఎండిన చేయే, కానీ నలభై ఏళ్లు రాట్నం తిప్పిన చేయి. అందులో బలం ఉంది. ఆ కళ్లలో మత్తు లేదు, పిచ్చి లేదు. ఉన్నదల్లా కోపం. ఈ కథలో ఇందరు ఇన్నిసార్లు కోపగించుకున్నారు కానీ, అసలు కోపం రావలసిన మనిషికి కోపం రావడం ఇప్పుడే.

"మగ్గం గుంట పూడ్చిండ్రు. నన్నడగలే. కల్లుల గోలి కలిపిండ్రు. నన్నడగలే. హైదరాబాదు తోలుతమన్నరు. నేను పోతనో పోనో ఎవ్వలడగలే. నువ్వొచ్చి, డాక్టర్ సాబుతోటి కొట్లాడి, కోడలుతోటి కొట్లాడి, నన్ను బతికిచ్చినవట. సందంత చెప్పుకుంటాండ్రు." ఆమె చేయి మెల్లగా సరస్వతి నోటి మీది నుంచి జారింది. "బతుకుతవా అని నన్ను నువ్వడిగినవా బిడ్డా?"

సరస్వతి ఆమె మణికట్టు వదిలేసింది.

లచ్చవ్వ రాట్నాన్ని పక్కకు జరిపింది. గోలీలు గలగలమంటున్న కొంగు ముడి మీద ఎడమ చేయి బిగించి, కుడి చేత్తో నేల చూపించింది.

"తలుపు దగ్గరికేసి రా. కూసో. ఇప్పుడడుగు."